ఏ పొర ఎవరిది: ఒక పాత ఆయిల్ పెయింటింగ్ పునరుద్ధరణ, మొదటి నుంచి చివరి దాకా

చిత్రం ఎత్తు 76 సెంటీమీటర్లు, వెడల్పు 63. కాన్వాస్ మీద ఆయిల్ రంగులు. కుర్చీలో కూర్చున్న ఒక నడివయసు స్త్రీ, భుజాల మీద శాలువా, ఒళ్లో మూసిన పుస్తకం, దాని మీద ఆనించిన ఎడమ చెయ్యి. వెనకంతా చిక్కటి గోధుమరంగు చీకటి. సంతకం లేదు, తేదీ లేదు. శాలువా ఏ రంగో నా దగ్గరికి వచ్చేనాటికి చెప్పడం కష్టం. నాచు రంగు అనుకోవచ్చు, అంతే.

దెబ్బలు పైకి కనిపించేవే. కుడివైపు కింద, కుర్చీ చేతికి పక్కన, కాన్వాస్ ఎల్ ఆకారంలో చిరిగింది. ఎప్పుడో ఎవరో వెనకనుంచి గుడ్డముక్క వేసి వజ్రంతో, అంటే పాతకాలపు జంతు జిగురుతో, అతికించారు. ఆ ముక్క ఎండి బిగుసుకుపోయి, దాని ఆకారమంతా ముందువైపు ఉబ్బుగా తేలింది. కింది అంచు పొడవునా రంగు పెచ్చులు లేస్తోంది. బుగ్గ మీద, చిరుగు చుట్టుపక్కల, తర్వాత ఎవరో వేసిన రంగు మచ్చలు మచ్చలుగా తెలుస్తోంది. వీటన్నిటి మీద పసుపు తిరిగి గోధుమరంగుకు వచ్చిన వార్నిష్, దాని మీద పొగ, దుమ్ము.

తెచ్చిన పెద్దాయన రెండు కోరికలు చెప్పారు. "కొత్తదానిలా చేసిపెట్టండి. కానీ ఆ బంగారు ఛాయ మాత్రం పోకూడదండీ, అదే దీని అందం."

ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. ఆ బంగారు ఛాయ పాతబడిన వార్నిష్‌ది. చిత్రం కొత్తగా ఉన్న రోజున అది లేదు. అప్పుడే ఆ మాట అనలేదు. "ముందు లోపల ఏముందో చూద్దామండీ. ఏం తియ్యాలి, ఏం ఉంచాలి అన్నది తర్వాత కూర్చుని తేల్చుకుందాం" అన్నాను. ఆయన మాటలు రెండూ ఉన్నవున్నట్టుగా రికార్డులో రాసుకున్నాను. యజమాని ఏం కోరుకున్నారో చికిత్స పత్రంలో ఉండాల్సిందే.

పాత చిత్రాల పునరుద్ధరణ అంటే చాలామందికి కళ్లముందు మెదిలేది దూదిపుల్ల. గోధుమరంగు జిడ్డు మీద ఒక్కసారి దొర్లించగానే కింద తెల్లటి బుగ్గ బయటపడే వీడియోలు కోట్లమంది చూస్తారు. నాకూ చూడ్డం ఇష్టమే, దాచుకోను. కానీ ఆ పుల్ల చేతిలోకి తీసుకునే వేళకే పనిలో కష్టమైన భాగం చాలావరకు అయిపోయి ఉండాలి. కాన్వాస్ మీద చిత్రకారుడు వేసిన పొర ఉంటుంది, కాలం వేసిన పొర ఉంటుంది, నాకంటే ముందు దాన్ని బాగుచెయ్యబోయినవాళ్లు వేసిన పొరలుంటాయి. కంటికి అన్నీ రంగే. ఏది ఎవరిదో తేలకుండా ఒక్కటి కదిపినా, తియ్యకూడనిది తీసేసే ప్రమాదం ఉంది.

మొదటి పరీక్ష మామూలు లైటుతోనే. చీకటి గదిలో ఒక పక్కనుంచి, కాన్వాస్‌కు దాదాపు సమాంతరంగా దీపం వేస్తే ఉబ్బులు, పగుళ్ల అంచులు, కుంచె గీతల ఎత్తుపల్లాలు నీడలతో సహా లేచి వస్తాయి. వెనకనుంచి దీపం వేస్తే చిరుగు ఎంతమేర సాగిందో తెలుస్తుంది. ఇక్కడ గుడ్డముక్క కింద చిరుగు అనుకున్నదానికంటే చిన్నది: ఒక చెయ్యి 9 సెంటీమీటర్లు, రెండోది 5. కానీ ముందువైపు దాన్ని దాచడానికి వేసిన రంగు మాత్రం అరచెయ్యంత మేర పరుచుకుని ఉంది.

తర్వాత అల్ట్రావయొలెట్ దీపం. చెట్ల బంకలతో చేసిన పాత వార్నిష్ ఈ కాంతిలో ఆకుపచ్చగా, కాస్త మసకగా మెరుస్తుంది. దాని మీద తర్వాత వేసిన రంగులు మెరవవు, నల్లటి మచ్చల్లా నిలబడతాయి. బుగ్గ మీద మూడు మచ్చలు, కుర్చీ పక్కన అరచెయ్యంత మచ్చ స్పష్టంగా కనబడ్డాయి. ఎడమచేతి బొటనవేలు దగ్గర మాత్రం ఏమీ తేలలేదు. అక్కడ గీత తీరు నాకు నచ్చలేదు. మిగతా వేళ్లు ఎముక తెలిసిన మనిషి వేసినవి, ఈ బొటనవేలు అరటిపండులా ఉంది. ఆ అనుమానం రాసిపెట్టుకుని ముందుకు వెళ్లాను.

ఎక్స్‌రే అనుమానాన్ని తీర్చింది. సీసం తెలుపు ఎక్స్‌రేను అడ్డుకుంటుంది కాబట్టి ఆ తెలుపు వాడిన చోట్లు ఫిల్ములో తెల్లగా పడతాయి. ముఖం, చెయ్యి, పుస్తకం అంచు చక్కగా వచ్చాయి. బొటనవేలు ఉండాల్సిన చోట ఖాళీ. అక్కడ అసలు రంగు ఎప్పుడో రాలిపోయింది. కాకపోతే వార్నిష్ మొత్తం వెయ్యడానికి ముందే ఎవరో వేలు తిరిగి వేశారు. అందుకే అల్ట్రావయొలెట్ కింద అది దొరకలేదు, వార్నిష్ దాన్ని కూడా కప్పేసింది.

ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో కొన్ని బిందువుల్లో మూలకాలు చూశాం. శాలువాలో ఇనుము బాగా కనిపించింది, రాగి గానీ కోబాల్ట్ గానీ లేవు. మైక్రోస్కోప్ కింద రంగురేణువుల తీరుతో కలిపి చూస్తే అది ప్రష్యన్ బ్లూ. బెర్లిన్‌లో 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, రంగు తయారుచేసేవాళ్ల చేతిలో అనుకోకుండా పుట్టిన నీలం అది. అంటే చిత్రం అంతకుముందుది కాదు. కుర్చీ పక్క మచ్చలో టైటానియం దొరికింది. టైటానియం తెలుపు చిత్రకారుల రంగుల్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. కాబట్టి ఆ అరచెయ్యంత రంగు వేసినవాళ్లు దాదాపు నిన్నమొన్నటివాళ్లు. బొటనవేలి రంగులో టైటానియం లేదు, సీసం తెలుపు మాత్రమే ఉంది, అదీ పలచగా. ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలాలు.

ఇంత వెతకడం దేనికని కొందరు అడుగుతారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో, 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ఒక చిత్రం ఉంది: తెరిచిన కిటికీ దగ్గర ఉత్తరం చదువుతున్న అమ్మాయి, వెనక ఖాళీ గోడ. ఆ గోడ కింద మన్మథుడి బొమ్మ ఉందని 1979లో ఎక్స్‌రే చెప్పింది. అయితే దాన్ని కప్పేసింది వెర్మీరేనని చాలాకాలం అందరూ అనుకున్నారు. చిత్రకారుడు మనసు మార్చుకుంటే మనమెవరం తియ్యడానికి? తర్వాత సూక్ష్మమైన నమూనాలు తీసి చూస్తే మన్మథుడికీ గోడరంగుకీ మధ్య పాత వార్నిష్, మురికి పేరుకుని ఉన్నాయి. మురికి పేరుకోవాలంటే ఏళ్లు పట్టాలి. అంటే కప్పింది ఆయన పోయిన తర్వాత మరెవరో. అది తేలాకే ఆ రంగు తీశారు, 2021లో మన్మథుడితో సహా ప్రదర్శనకు పెట్టారు. నిర్ణయం నిలబడింది ఆ మురికి గీత మీదే.

మేమూ అదే చేశాం. చిరుగు అంచున, ఎలాగూ పోయిన చోట, గుండుసూది తలకంటే చిన్న రంగురవ్వ తీసి, రెసిన్‌లో పోసి, అడ్డంగా కోసి నునుపు చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. అడుగున తెల్లటి పూత, దాని మీద అసలు గోధుమ, దాని మీద వార్నిష్, సన్నటి నల్లగీతలా మురికి, ఆపైన టైటానియం కలిసిన రంగు. ఈ మచ్చ తీసేయొచ్చు. నిశ్చింత.

చేతిపని మొదలయ్యింది పెచ్చుల దగ్గర. స్టర్జన్ చేప తిత్తినుంచి తీసే జిగురు చాలా పలచగా వేడినీళ్లలో కలిపి, సన్నకుంచెతో పగులు అంచుకు తాకిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. పైన పల్చటి జపాన్ కాగితం వేసి, సిలికాన్ పూసిన ఫిల్మ్ మీదుగా చిన్న వేడి గరిటెతో నెమ్మదిగా కిందికి అదమాలి. గట్టిగా అదిమితే పెచ్చు విరుగుతుంది, మెల్లగా అదిమితే మర్నాటికి మళ్లీ లేస్తుంది. ఎంత బలమన్నది చేతికే తెలుస్తుంది, మాటల్లో పెట్టడం నాకు చేతకాదు.

గుడ్డముక్క తియ్యడానికి కాన్వాస్‌ను బోర్లించాలి కాబట్టి ముందువైపు కాగితం అంటించి కాపు పెట్టాం. వజ్రానికి తేమ తగిలితే మెత్తబడుతుంది, కానీ కాన్వాస్‌కు తేమ ఎక్కువైతే ముడుచుకుంటుంది, రంగు ఊడుతుంది. అందుకని నీళ్లు కాకుండా, తేమను కొద్దికొద్దిగా వదిలే మిథైల్ సెల్యులోజ్ జెల్ వేసి, జిగురు ఉబ్బగానే స్కాల్పెల్ అనే సన్నకత్తితో గీకుతూ వచ్చాం. విసుగుపుట్టించే పని. దీని గురించి ఇంకేం చెప్పను.

చిరుగు అతకడం మాత్రం నాకు చాలా ఇష్టమైన ఘట్టం. ఇదివరకు చిరిగిన కాన్వాస్ అంటే ఆలోచించకుండా వెనక మరో కాన్వాస్ మొత్తంగా అంటించేవారు. జంతు జిగురుతోనో, మైనం, రెసిన్ కలిపో. వేడి, బరువు పడి కుంచె గీతలు అణిగిపోయేవి, మైనం రంగులను ముదురు చేసేది. 1974లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో జరిగిన సదస్సులో ఈ అలవాటును కొంతకాలం పూర్తిగా ఆపాలన్న ప్రతిపాదన వచ్చాక రంగంలో ఆలోచన మారింది. జర్మనీలో విన్‌ఫ్రీడ్ హైబర్ పోగుకు పోగు అతికే పద్ధతిని తీర్చిదిద్దాడు. మైక్రోస్కోప్ కింద చిరుగు ఒక అంచున తెగిన పోగు కొసను, ఎదురుగా ఉన్న దాని జంట కొసను వెతికి పట్టుకోవాలి. పడుగు పోగు పడుగుతో, పేక పోగు పేకతో. చేప జిగురు, గోధుమ పిండి గంజి కలిపిన చుక్కతో రెండు కొసలూ కలిపి, వేడి సూదితో క్షణం ఆరబెట్టి, తర్వాతి పోగుకు వెళ్లాలి. పొట్టిపడిన చోట కొత్త నారపోగు చేర్చాలి.

నేతను మళ్లీ నేస్తున్నట్టే ఉంటుంది. మొదట అంతా చిక్కుముడి. కాసేపటికి నేత తన లెక్క చెప్పడం మొదలుపెడుతుంది: ఒకటి పైన, ఒకటి కింద. తప్పు పోగు పట్టుకుంటే నాలుగు పోగుల తర్వాత అంచు వాలిపోతుంది, వెనక్కి రావాల్సిందే. ఎల్ మూల దగ్గర, రెండు దిక్కుల పోగులూ తెగిన చోట, ఆ లెక్క బాగా పరీక్ష పెట్టింది. చివరికి వెనక ఏ ముక్కా అంటించకుండానే చిరుగు తన బరువు తాను మోసింది. చట్రానికి మేకులు కొట్టే అంచులు మాత్రం తుప్పు తిని బలహీనపడ్డాయి కాబట్టి నాలుగువైపులా కొత్త నార పట్టీలు బీవా 371తో చేర్చాం. ఈ జిగురు 1970లో గుస్తావ్ బెర్గర్ తయారుచేసింది. వేడితో అంటుకుంటుంది, రేపు ఎవరైనా తియ్యాలన్నా వస్తుంది. ఎవరూ తియ్యలేని జిగురు ఎంత గట్టిదైనా నాకు అక్కర్లేదు.

ఇప్పుడు శుభ్రం చెయ్యడం. పైన ఉన్న పొగ, దుమ్ము నీటిగుణం ఉన్న మురికి. దీనికి ఎప్పటినుంచో వాడేది మనిషి ఉమ్మి. నవ్వకండి, పెద్ద మ్యూజియంలలోనూ వాడతారు. అందులో ఎంజైములు ఉంటాయి, ఆమ్లగుణం గానీ క్షారగుణం గానీ పెద్దగా ఉండదు, పైగా గోరువెచ్చగా ఉంటుంది. చిత్రం పెద్దది కాబట్టి ఇక్కడ సిట్రేట్ కలిపిన నీళ్లు వాడాం. దూది నల్లబడింది, చిత్రం మాత్రం ఏమంత మారలేదు. అది వార్నిష్ పని.

వార్నిష్ కరగాలి, కింద రంగు కదలకూడదు. ఒక్కో రంగు దగ్గర గోరంత చోటు ఎంచుకుని, ఐసో-ఆక్టేన్ అనే తేలిక సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ పాళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ చూశాం. 10 శాతంతో ఏమీ రాలేదు. 30 దగ్గర వార్నిష్ మెత్తబడి దూదికి పసుపు అంటింది, దూదిలో రంగురేణువు ఒక్కటి లేదు. శాలువా, ముఖం, పుస్తకం అన్నిచోట్లా ఇదే. జుట్టు నీడల్లో మాత్రం 30 దగ్గరే దూది కొసకు గోధుమరంగు తగిలింది. అక్కడ చిత్రకారుడు రంగులో బంక కలిపి పలచగా పూసినట్టుంది. వార్నిష్‌ను కరిగించేదే దాన్నీ కరిగిస్తుంది.

ముఖం, శాలువా సగం శుభ్రం చేశాక పెద్దాయన్ని పిలిచాను. ఇది అలవాటుగా చేస్తాను: మధ్యలో చూపిస్తేనే ఎంతమేర మారుతోందో తెలుస్తుంది. చాలాసేపు చూసి, "ఈ నీలం మా ఇంట్లో ఎప్పుడూ లేదండీ" అన్నారు. సంతోషం కాదు. చిన్నప్పటినుంచీ చూసిన మనిషి ముఖం మారిపోయినట్టు ఉందన్నారు.

ఇది కొట్టిపారేసే మాట కాదు. లండన్ నేషనల్ గ్యాలరీ శుభ్రం చేసిన తన చిత్రాలను 1947లో ప్రదర్శించినప్పుడు ఇదే గొడవ పెద్ద ఎత్తున జరిగింది. అసలు రంగులు బయటపడ్డాయని కొందరు, చిత్రకారుడు కావాలనే వేసిన పలచటి పూతలు కూడా పోయాయని కొందరు. ఇటలీ నుంచి పునరుద్ధరణ సిద్ధాంతకర్త చెజారె బ్రాండీ కూడా ఈ వాదంలోకి దిగాడు. నా పక్షం ఇదీ: పసుపెక్కిన వార్నిష్ చిత్రకారుడిది కాదు, దాన్ని అందమనుకోవడం మన అలవాటు. కానీ మొత్తం తుడిచెయ్యాలన్న మొండితనం కూడా నాకు లేదు. పచ్చటి పొర తొలగితే ముఖంలో చల్లటి నీడలు, వెచ్చటి వెలుగులు విడిపోతాయి, తల గుండ్రంగా ముందుకు వస్తుంది. అంతవరకూ చాలు.

అందుకని వార్నిష్ పైపొర అంతటా తీశాం, అడుగున జుట్టు నీడల్లో, గోధుమ వెనకతలంలో పలచటి తెర ఉంచేశాం. శాలువా, ముఖం, చేతుల మీద ఇంకాస్త లోతుకు వెళ్లాం. పెద్దాయనకు పూర్తిగా ఒప్పుదల కుదిరిందని చెప్పను. "మీరు చెప్పింది అర్థమైందండీ, కానీ అలవాటు పడాలి" అన్నారు. న్యాయమే.

కుర్చీ పక్క టైటానియం రంగు జెల్‌లో పట్టిన బెంజైల్ ఆల్కహాల్‌తో మెత్తబడింది, మిగిలింది మైక్రోస్కోప్ కింద స్కాల్పెల్‌తో లేచింది. కింద ఏ రహస్యమూ లేదు: కుర్చీ చేతి వంపు, దాని మీద సన్నటి వెలుగు గీత, అంతా భద్రంగా ఉన్న అసలు రంగు. చిరుగు వెంట పోయినది వేలి వెడల్పు కూడా లేదు. అంత చిన్న గాయాన్ని దాచడానికి అంత మంచి రంగును కప్పేశారు. నాకు కోపం తెప్పించేది ఇలాంటి పనే. రంగు కలవకపోతే అంచు దాటి పూసుకుంటూ పోవడం, అది కూడా కలవకపోతే ఇంకొంచెం.

బుగ్గ మీద మచ్చలు తీస్తే కథ వేరు. అక్కడ పాతకాలంలో ఎవరో క్షారం ఉన్నదేదో, బహుశా సబ్బో బూడిదనీళ్లో, పెట్టి గట్టిగా రుద్దారు. నేత ఎత్తుల మీద రంగు అరిగి కింది తెలుపు చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. బొటనవేలు మాత్రం ముట్టుకోలేదు. దాన్ని మెత్తబరిచేదేదైనా పక్కనున్న అసలు చూపుడువేలినీ మెత్తబరుస్తుంది. తీస్తే కింద వేలు దొరకదు, ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో మళ్లీ నేనే వేలు ఊహించి వెయ్యాలి. ఎవరి ఊహ అయితేనేం, నూరేళ్లకు పైబడిన ఊహ ఉండనీ అని నిర్ణయించాం. దాని ఛాయ మాత్రం పక్కవేళ్లకు దగ్గరయ్యేలా పైన తేలిగ్గా సరిచేశాం.

రంగు పోయిన చోట సుద్దపొడి, జెలటిన్ కలిపిన పూత నింపి, ఆరకముందే నేత అచ్చు దిద్దాం. నున్నగా వదిలేస్తే ఎంత బాగా రంగు కలిపినా పక్కనుంచి వెలుగు పడగానే పట్టుబడుతుంది. దాని మీద పారలాయిడ్ బి-72 వార్నిష్ పలచగా. ఇది అసలు రంగుకూ నా రంగుకూ మధ్య గోడ.

రంగు దిద్దడంలో నియమం ఒక్కటే: పోయిన చోటు దాటకూడదు. రోమ్‌లో 1939లో ఏర్పడిన పునరుద్ధరణ సంస్థలో బ్రాండీ ఒక పద్ధతి పెట్టాడు. పోయిన చోట సన్నటి నిలువు గీతలతో రంగు నింపితే దూరంనుంచి చిత్రం కలుస్తుంది, దగ్గరికొస్తే ఇది తర్వాత చేర్చిందని తెలుస్తుంది. గోడచిత్రాలకు, పెద్ద ఖాళీలకు అది గొప్ప నిజాయితీ. ఇంటి గోడ మీద చేతికందే దూరంలో వేలాడే ముఖం మీద మాత్రం గీతలే కనిపిస్తాయి, మనిషి కనిపించదు. ఇక్కడ కలిసిపోయే పద్ధతే ఎంచుకున్నాం. గుర్తుపట్టే దారి అల్ట్రావయొలెట్ దీపం, ఫొటోలు ఇస్తాయి.

బుగ్గ మీద పని చుక్కల పని. ముందు కావలసినదానికంటే కాస్త లేతగా, చల్లగా ఒక అడుగు రంగు, తర్వాత దాని మీద పలచటి వెచ్చటి పూతలు. ఒకేసారి సరైన రంగు కలిపి పెడితే మైనపు ముద్దలా కూర్చుంటుంది. చర్మంలోంచి వచ్చే వెలుగు పొరల మధ్యనుంచే వస్తుంది. లారోపాల్ ఎ-81 రెసిన్‌తో చేసిన రంగులు వాడాం, అవి ఏళ్ల తర్వాత కూడా తేలిక సాల్వెంట్‌తో వచ్చేస్తాయి. పగటి వెలుగులో కలిసిన రంగు రాత్రి దీపం కింద విడిపోవచ్చు, కాబట్టి రెండింటిలోనూ చూడాలి. నీలంతో ఈ తంటా ఎక్కువ. శాలువాకు చిత్రకారుడు వాడిన ప్రష్యన్ బ్లూనే వాడితే గొడవ తప్పింది.

ఈ పనిలో ఆకర్షణ ఏమిటని అడిగితే నేను చెప్పేది ఈ ఘట్టం గురించే. వేరొకరి కుంచె ఎటు తిరిగింది, ఎక్కడ ఒత్తింది, ఎక్కడ తేలికపడింది అన్నది రోజంతా అనుసరిస్తూ ఉంటే ఆ మనిషి ఆలోచన కొంత అందుతుంది. కింది పెదవి నీడలో ఆయనో ఆవిడో శాలువా నీలాన్నే రవ్వంత కలిపారు. వార్నిష్ కింద అది ఎవరికీ కనిపించేది కాదు. అది చూశాక నా కుంచె కూడా ఆ లెక్కలోనే నడిచింది.

చివరి వార్నిష్ రీగల్‌రెజ్ 1094, కాంతిని తట్టుకునే పదార్థం చేర్చి పిచికారీ చేశాం. ముదురు వెనకతలంలో మెరుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడంతో మళ్లీ పలచగా కొట్టాల్సి వచ్చింది; ముదురు రంగులు ఎప్పుడూ ఇలాగే సతాయిస్తాయి. వెనక దుమ్ము పడకుండా పలక బిగించాం.

చిత్రంతోపాటు ఇచ్చిన పత్రంలో ముందువీ తర్వాతవీ ఫొటోలు, ఎక్స్‌రే, వాడిన ప్రతి పదార్థం పేరు, దాన్ని దేనితో తియ్యొచ్చన్న వివరం ఉన్నాయి. బొటనవేలికి విడిగా ఒక పేజీ: ఇది చిత్రకారుడిది కాదు, ఎందుకు ఉంచామంటే ఇందుకు. తేమ 50 శాతం చుట్టూ స్థిరంగా ఉండాలి, వెలుగు 200 లక్స్ మించకూడదు, బయటి గోడకు తగిలించకూడదు అని రాశాం.

కొంతకాలానికి తనిఖీకి వెళ్లి చూస్తే చిరుగు ఉన్న చోటు సమతలంగా ఉంది, పక్కనుంచి దీపం వేసినా ఉబ్బు లేదు. కింది అంచున ఎడమ మూల దగ్గర ఒక్క పెచ్చు కొద్దిగా లేచింది. చూస్తే చిత్రం బయటి గోడకే వేలాడుతోంది. "పాత చోటు అదేనండీ" అన్నారు పెద్దాయన. పెచ్చును అక్కడే అతికి, లోపలి గోడ ఒకటి చూసి మార్పించాను. కొత్త చోట పగటి వెలుగు పక్కనుంచి వస్తుంది, నీలం ఇంకా బాగా కనబడుతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.